యాత్రలో కొండనడక – అర్ధశక్తి నియమం

యాత్రకు బయలుదేరగానే చాలామంది దినచర్యకు సెలవు చెబుతారు. రాత్రంతా బస్సులో కాళ్ళు ముడుచుకొని కూర్చుంటారు, వేళగాని వేళ భుజిస్తారు, నిద్ర చెడగొట్టుకొంటారు. ఈ మూడూ వాతాన్ని ప్రకోపింపజేసేవే. అందుకే ఊరు చేరేసరికి మలబద్ధకం, నడుము పట్టు, పొట్ట ఉబ్బరం వెంటవస్తాయి. వీటికి మంచి విరుగుడు ఆ ఊరిలోనే ఉన్నది. అది కొండదారిలో నడక, లేదా సైకిలు సవారీ. అయితే ఔషధానికి వలెనే దీనికీ మోతాదు ఉన్నది. ఆ మోతాదు తెలియక నేను చేసిన ఒక పొరపాటును కూడా ఈ వ్యాసంలో దాచకుండా చెబుతాను.

శాస్త్రం చెప్పిన మోతాదు

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వ్యాయామఫలాలను వివరించినారు. శరీరం తేలికపడుతుంది, పనిచేసే సామర్థ్యం పెరుగుతుంది, జఠరాగ్ని దీపిస్తుంది, కొవ్వు కరుగుతుంది. ఆ వెంటనే హద్దు కూడా గీసినారు. బలవంతులు, స్నిగ్ధాహారం తీసుకొనేవారు సైతం శీతకాలంలోనూ వసంతంలోనూ తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెను. తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువ. అజీర్ణంతో ఉన్నవారు ఆ పూట మానుకొనవలెను. హద్దు మీరితే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయని హెచ్చరించినారు.

సగం శక్తి ఖర్చయినదని తెలుసుకొనేదెట్లా? నుదుట, ముక్కుపైన, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పోయడం, నోరు ఎండడం, నోటితో గాలి పీల్చవలసిరావడం దానికి గుర్తులు. తిరుమల మెట్లెక్కేవారికి మరింత సులువైన పరీక్ష ఉన్నది. గోవిందనామం తడబడకుండా పలుకగలుగుతున్నంత వరకు నడక హద్దులో ఉన్నట్లు. నామం సగంలో తెగిపోతే ఆగి కూర్చొనవలెను.

నేను నేర్చుకొన్న పాఠం

అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. శ్రీవారిమెట్టు దారిలో సుమారు 2,388. రెండవది పొట్టిదే గాని ఏటవాలు ఎక్కువ. కొన్నేళ్ళ క్రిందట మా అన్నగారితో, పిల్లలతో కలిసి అలిపిరి దారిన బయలుదేరినాను. అన్నగారికి అరువది దాటాయి, మధుమేహం ఉన్నది. రాత్రి ప్రయాణం చేసి, ఉదయం పూరీలు తిని, వెంటనే మెట్లెక్కసాగినాము. పిల్లల ముందు తగ్గడం ఇష్టం లేక ఆయన ఆయాసాన్ని అణచుకొంటూ నడిచినారు.

ఐదారు వందల మెట్లెక్కేసరికి ఆయన కూర్చుండిపోయినారు. "గ్యాసు పట్టింది తమ్ముడూ, గుండెమీద రాయి పెట్టినట్లుంది" అన్నారు. నా సంచిలో వాముపొడి, సైంధవలవణం ఎప్పుడూ ఉంటాయి. గర్వంగా తీసి ఇచ్చినాను. త్రేన్పు వస్తే సర్దుకొంటుందని కొంతసేపు వీపు నిమురుతూ కూర్చున్నాను. మెట్లకు పసుపు రాస్తూ వస్తున్న ఒక పెద్దమ్మ ఆయన ముఖం చూసి ఆగింది. "నాయనా, ఇది వాముకు లొంగే నొప్పి కాదు. మా ఇంటాయనకూ ఇట్లాగే చల్లని చెమట పట్టింది. ముందు దించండి" అన్నది.

నలుగురం మోసుకొని దించి ఆసుపత్రికి చేర్చినాము. గుండె రక్తనాళం పూడుకొన్నదని తేల్చి చికిత్స చేసినారు. ఆయన బ్రతికినారు. నా వాముపొడి మింగించి కూర్చున్న ఆ కొంతసేపు మాత్రం నన్ను నేటికీ బాధిస్తున్నది.

శ్రమవల్ల కలిగే ఆయాసం అణచరాని వేగాలలో ఒకటి. అణచితే హృద్రోగం, మూర్ఛ వంటివి కలుగవచ్చునని వాగ్భటులే చెప్పినారు. ఆ మాట చదివి కూడా నేను అన్నగారి ముఖం చూడలేదు. కనుక పాఠకులు ఇది గుర్తుంచుకొనవలెను. రొమ్ము నడుమ బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి, చల్లని చెమట, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే చిట్కాల జోలికి పోరాదు. నడిపించక, వెంటనే 108కి ఫోను చేయవలెను. మధుమేహరోగులకు నొప్పి లేకుండా నీరసం మాత్రమే కనిపించవచ్చును.

బయలుదేరే ముందు

యాత్రకు నాలుగు వారాల ముందునుంచి రోజూ అరగంట నడక, ఇంటి మెట్లు ఎక్కి దిగడం అలవరచుకొనవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. వాడుతున్న మందులు మానరాదు. కేదారనాథం వంటి 3,500 మీటర్లు దాటిన క్షేత్రాలకు వెళ్ళేవారు దారిలో ఒకటి రెండు దినాలు ఆగి ఆ గాలికి అలవాటుపడవలెను. అక్కడ తలనొప్పి, వాంతులు తగ్గకపోతే, లేదా కూర్చున్నా ఆయాసం వస్తుంటే, క్రిందికి దిగడమే చికిత్స.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

తెల్లవారిన తరువాత, ఎండ ముదరకముందు, తేలికైన ఆహారంతో బయలుదేరవలెను. 2023లో అలిపిరి దారిలో ఒక చిన్నారిని చిరుత బలిగొన్నది. అడవిదారులలో చీకటివేళ ఒంటరిగా పోరాదు, పిల్లల చేయి విడువరాదు.

ఎక్కేటప్పుడు గుండెకు శ్రమ, దిగేటప్పుడు మోకాళ్ళకు శ్రమ. దిగిన మరునాడో, మూడవనాడో తొడకండరాలు నొప్పి పుట్టడం సహజం. మోకాళ్ళ నొప్పులున్నవారు నడిచి ఎక్కి, బస్సులో దిగడం మేలు.

నడవలేనివారికి సైకిలు అనుకూలం. శరీరభారం మోకాళ్ళపై తక్కువగా పడుతుంది. అరకులోయలోనో, వికారాబాదు చెంత అనంతగిరి కొండలలోనో సైకిలు దొరికితే, తొక్కుడు అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేట్లు సీటు ఎత్తు సరిచేసుకొనవలెను. పల్లంలో ముందు బ్రేకును ఒక్కసారిగా బిగించరాదు. రెండింటినీ మెల్లగా నొక్కవలెను. శిరస్త్రాణం తప్పనిసరి.

అలసట తీర్చేవి

చరకసంహితలో శ్రమహర ద్రవ్యాలు పది చెప్పబడినాయి. ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు, రేగుపండు, దానిమ్మ, చెరకు, యవలు వాటిలోనివే. సంచిలో గుప్పెడు ఎండుద్రాక్ష, నాలుగు ఖర్జూరాలు చాలు. మధుమేహం ఉన్నవారు వైద్యుని అనుమతితో మితంగా తీసుకొనవలెను. దప్పికకు నీటితో పాటు, ఉప్పు, జీలకర్ర కలిపిన పలుచని మజ్జిగ మేలు.

బసకు చేరాక కొంత విశ్రమించి, గోరువెచ్చని నువ్వులనూనెను పిక్కలకు, అరికాళ్ళకు మర్దించి వేడినీటితో స్నానం చేస్తే వాతం శమిస్తుంది. కాలు బెణికి వాచినచోట మర్దన చేయరాదు. మొదటి దినం చల్లని గుడ్డ వేసి కాలు ఎత్తున ఉంచవలెను.

మా అన్నగారు ఇప్పుడు వైద్యుల అనుమతితో రోజూ చదునైన దారిలో నడుస్తున్నారు. ఆయాసం రాగానే నిస్సంకోచంగా ఆగుతారు. నేనూ ఆయన ప్రక్కనే ఆగుతాను. వాముపొడి నా సంచిలో ఇంకా ఉన్నది. కాని ఇప్పుడు ముందు మనిషి ముఖం చూస్తాను, తరువాతనే సంచి విప్పుతాను.