దోనెకు సంగడీడు కావలెను
చిన్న పడవ బోల్తా పడకుండ, సూటిగా నడచునట్లు చేసికొను అమరికలు



పైరుల సంగతి చెప్పవలసిన ఉపాధ్యాయుడు పడవల సంగతి ఎందుకెత్తినాడని మీకు తోచవచ్చును. కోటబొమ్మాళి, టెక్కలి, సంతబొమ్మాళి ప్రాంతములలో చెరువును నమ్ముకొన్న రైతునకు నీటి మీద పని తప్పదు. చేపలకు తవుడు, చెక్క వేయవలెను. గుర్రపుడెక్క తీసి గట్టుకు చేర్చవలెను. వానకాలములో అవతలి గట్టుననున్న మడికి ఎరువు బస్తా పోవలెను, పశువులకు గడ్డిమోపు రావలెను. ఈ మాత్రపు పనికి పెద్ద పడవ ఎవరును కొనరు. తాటిమాను తొలిచిన దోనె గాని, నాలుగు బల్లలు కొట్టిన చిన్న పడవ గాని చాలుననుకొందుము. పని జరుగును గాని, ఒరుగునేమోనను భయము వెంట ఉండనే ఉండును.

ఆ భయము నాకు అనుభవమే. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చెరువులో మేత వేయు విధము చూపించుటకై నేను దోనె ఎక్కి, నిలబడి, తవుడు చల్లబోతిని. రెండవ గుప్పెడు చల్లులోపల దోనె ఒరిగినది. నేను, తవుడు బస్తా, దోనె నడుపుచున్న కూలి మనిషి ముగ్గురమును నీటిలో పడితిమి. అతనికి ఈత రాదు. బోల్తాపడిన దోనెనే పట్టుకొని అతడు బ్రతికినాడు. గట్టెక్కిన తరువాత అక్కడి పెద్ద రైతు ఒకరు, “బాబూ, దోనిది తప్పు కాదు, నిలబడ్డోడిది” అన్నారు. ఆ మాట నిజమే. అయితే నిలబడినవాని తప్పును కూడ కొంత కాయగల ఉపాయములున్నవి. వానిని మీరే మీ ఊరిలో, మీ చేతులతో అమర్చుకొనవచ్చును.

దోనె ఎందుకు ఒరుగును?

పడవలోని బరువంతయు క్రిందికి లాగుచుండును. నీరు పడవను పైకి నెట్టుచుండును. పడవ ఒక ప్రక్కకు వంగినపుడు ఆ ప్రక్క ఎక్కువ భాగము నీటిలో మునుగును. అందుచేత నీరు ఆ ప్రక్కనే ఎక్కువగా పైకి నెట్టి పడవను మరల నిలబెట్టును. ఈ నెట్టుడు పడవ నడిమి నుండి ఎంత దూరమున పనిచేసిన, అంత బలము కలిగియుండును.

కావుననే పడవకు వెడల్పే ప్రాణము. పొడవు అంతే ఉండి, నీటి మట్టమున వెడల్పు ఒకటిన్నర రెట్లయినచో, నీరు పడవను నిలబెట్టు బలము సుమారు మూడున్నర రెట్లగును. వెడల్పు రెండు రెట్లయినచో ఆ బలము ఎనిమిది రెట్లగును. తాటిమానుకు ఉన్న లావే దోనెకు వెడల్పు; దానిని మనము పెంచలేము. ఇదే దోనెకు పుట్టు లోపము.

రెండవ సంగతి బరువు ఉన్న ఎత్తు. మనిషి అడుగున కూర్చున్నపుడు అతని బరువు జానెడున్నర ఎత్తున నిలుచును. లేచి నిలబడినచో అదే బరువు నడుము ఎత్తునకు పోవును. కూర్చున్నంతసేపు నిలకడగానున్న దోనె, నిలబడగానే తిరగబడుటకు ఇదే కారణము. బస్తాలను అడ్డబద్దల మీద పెట్టక అడుగున పరచుట, మనిషి అడుగుననే కూర్చుండుట ఖర్చు లేని మొదటి మందు.

అడుగున రాళ్లు వేసినచో నిలకడ వచ్చునని కొందరు తలచెదరు. కొంత వచ్చును. కాని దోనె అంచు నీటికి మరింత దగ్గరగును. నీరు చేరినపుడు రాళ్లతో సహా నేరుగా అడుగంటును. అది మంచి పద్ధతి కాదు.

మన పెద్దల ఉపాయము

ఒంటి దోనె వెడల్పు పెంచలేనపుడు, దాని ప్రక్కన దూరముగా మరియొక తేలు వస్తువును కట్టుట మన పెద్దలకు తెలిసిన విద్య. రెండు దోనెలను జతచేసి కట్టిన దానికి తెలుగున “సంగడి” అని పేరు. సంగడి అనగా జత, తోడు. స్నేహితుని సంగడీడు అనుట అందుచేతనే. కొల్లేటి ప్రాంతమునను, గోదావరి పాయలలోను తాటిదోనెల వాడుక ఎరిగినదే. క్రీ.శ. మొదటి శతాబ్దములో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన “పెరిప్లస్” అను గ్రంథమున, తూర్పుతీరమున ఒంటిమాను పడవలను జతకట్టి చేసిన “సంగర” అను పెద్ద నావల ప్రస్తావన కలదు. ఆ పేరు మన సంగడికి చుట్టమేనని కొందరు పండితుల అభిప్రాయము.

సింహళములో జాలరులు ఒంటిదోనెకు ఒక ప్రక్కన మాత్రము, రెండు వంపు కొయ్యల చివర, ఒక బరువైన దుంగను కట్టి సముద్రము మీదికి పోవుదురు. దానిని “ఒరువ” అందురు. పసిఫిక్ దీవులవారు ఇట్టి పడవల మీదనే దీవి నుండి దీవికి దూరప్రయాణములు చేసిరి. ఇన్ని దేశములలో నిలిచిన పద్ధతి మన చెరువునకు పనికిరాకపోదు.

మొదటి అమరిక: ప్రక్క తేలుడు

ఏతము తొక్కిన ఊరివారికి దీని కిటుకు చెప్పనక్కరలేదు. ఏతపు మాను పొడవు పెరిగిన కొలది, కొసన ఉన్న కొద్దిపాటి బరువే పెద్ద బరువును లేపును. అట్లే దోనె నుండి దూరముగా కట్టిన చిన్న తేలుడు, దగ్గరగా కట్టిన పెద్ద తేలుడంత పని చేయును.

లెక్క చూడుడు. 60 కిలోల మనిషి దోనె నడిమి నుండి 40 సెంటీమీటర్లు ప్రక్కకు జరిగినాడనుకొనుడు. 60ని 0.40 చేత గుణించిన 24 వచ్చును. ఇది దోనెను ఒరగద్రోయు శక్తి. ఇక మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ నూనె క్యాన్లు రెండింటిని, ఒకదాని వెనుక ఒకటిగా, దోనె నడిమి నుండి 125 సెంటీమీటర్ల దూరమున కట్టితిమనుకొనుడు. మామూలుగా అవి మూడవ వంతు మునిగియుండును. వానిని పూర్తిగా ముంచుటకు ఇంకను సుమారు 25 కిలోల బరువు కావలెను. 25ను 1.25 చేత గుణించిన 31 వచ్చును. 24 కంటె 31 ఎక్కువ కనుక దోనె నిలుచును. అవే క్యాన్లను దోనెకు దగ్గరగా 50 సెంటీమీటర్లలో కట్టినచో 12½ మాత్రమే వచ్చును, దోనె తిరగబడును. క్యాను అదే, దూరమే తేడా.

ఇక్కడ ఒక మెలకువ కలదు. తేలుడు ఉన్న వైపునకు ఒరిగినపుడు తేలుడు ముంపు కాచును. ఎదుటి వైపునకు ఒరిగినపుడు తేలుడు గాలిలోనికి లేచును. అప్పుడు కాచునది దాని బరువు మాత్రమే. సింహళీయులు బరువైన దుంగను కట్టుట ఇందులకే. మనము కట్టు క్యాన్లకు బరువు లేదు. కావున క్యాన్లు గాని, ఎండు వెదురు గాని వాడునపుడు రెండు ప్రక్కలను తప్పక కట్టవలెను. ఒక ప్రక్క మాత్రమే కట్టిన తేలిక తేలుడు, లేని ధైర్యమునిచ్చి ముంచును.

అమర్చు విధము:

1. 5 మీటర్ల దోనెకు రెండు అడ్డవాసములు చాలును. ఒకటి ముందుకొస నుండి పొడవులో నాల్గవ వంతు వద్దను, రెండవది వెనుక కొస నుండి నాల్గవ వంతు వద్దను ఉండవలెను. చేతి మణికట్టంత లావుగల సరుగుడు వాసములు మంచివి. ఒక్కొక్కటి 3 మీటర్ల పొడవుండవలెను.

2. వాసములను దోనె రెండు అంచుల మీదుగా అడ్డముగా పరచి త్రాటితో కట్టవలెను. మేకులు కొట్టరాదు. తాటిమాను నార వెంబడి చీలును, మేకు రంధ్రము నుండి నీరు కారును. త్రాడు అలజడికి కొంత ఒదిగి మరల నిలుచును.

3. కొబ్బరి పీచు త్రాడు తడిసి బిగియును. నైలాను త్రాడు తడిసిన కొంత సాగును. కావున కట్టిన మరునాడు మరల బిగించవలెను.

4. వాసముల చివరలను కలుపుచు, దోనెకు సమాంతరముగా, ఒక వెదురు గడను కట్టి, దాని క్రింద క్యాన్లను పాత వలలో చుట్టి బిగించవలెను. వెదురు ముందుకొస కొద్దిగా పైకి లేచియుండవలెను; లేనిచో నీటిలో గ్రుచ్చుకొనును.

5. మామూలు బరువుతో దోనె నీటిలో నున్నపుడు రెండు వైపుల తేలుడులును మూడవ వంతు మునిగియుండవలెను. ఎక్కువ మునిగినచో నడక బరువగును. నీటిని తాకకున్నచో, దోనె బాగుగా ఒరిగిన తరువాత గాని అవి ఆదుకొనవు.

పురుగుమందు డబ్బాలను తేలుడుగా ఎన్నడును వాడకుడు. ఎంత కడిగినను వానిలో మందు శేషించును. చెరువులో చేపలకు చేటు. ఎండకు పెళుసెక్కిన క్యాన్లను మార్చుచుండవలెను. వెదురు కొన్ని నెలలు నానిన బరువెక్కును. పని లేనపుడు గట్టున ఆరబెట్టవలెను. అరటి బోదెలు ఒకటి రెండు రోజుల అవసరమునకే గాని తరువాత కుళ్లిపోవును.

రెండవ అమరిక: సంగడి

బస్తాలు, గడ్డిమోపులు మోయుటకును, గుర్రపుడెక్క తీయుటకును ప్రక్క తేలుడు చాలదు. ఈ పనులలో మనిషి నిలబడక తప్పదు. అట్టిచోట ఇద్దరు రైతులు తమ దోనెలను కలుపుకొని సంగడి కట్టుకొనుట మేలు. రెండు దోనెలును ఇంచుమించు ఒకే పొడవు, ఒకే ఎత్తు ఉండవలెను. వాని నడుమ సుమారు 90 సెంటీమీటర్ల ఖాళీ విడిచి, మూడు లేక నాలుగు అడ్డవాసములు కట్టి, పైన వెదురు తడిక గాని బల్లలు గాని పరచవలెను. బరువును తడిక నడుమ పెట్టినచో రెండు దోనెలును సమముగా దిగును.

సంగడి మీద ఒకడు నిలబడి గడ వేయవచ్చును, ఒకడు వంగి డెక్క లాగవచ్చును. లోపములును చెప్పవలెను. ఇది తొందరగా మలుపు తిరుగదు. నడుమ ఖాళీలో డెక్క చేరి అడ్డుపడును, అప్పుడప్పుడు తీసివేయవలెను. ఒక దోనెలో నీరు ఊరిన సంగడి అంతయు అటు ఒరుగును. కావున ఎక్కు ముందు రెండు దోనెలలోను చేయి పెట్టి చూడవలెను.

మూడవ అమరిక: వెనుక రెక్క

ఒంటి దోనెను ఒక ప్రక్క తెడ్డు వేసిన, రెండవ ప్రక్కకు తిరుగును. గాలి వీచిన ముందుకొస ఎటో పోవును. మనిషి సగము శ్రమ దానిని సరిదిద్దుటకే ఖర్చగును. బాణమునకు వెనుక ఈకలు కట్టుట ఎందుకో, దోనెకు వెనుక రెక్క అందుకే. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల లోతు, ఒక అంగుళము మందము గల బల్లను దోనె వెనుక కొసన, పొడవు దోనె వెంబడి వచ్చునట్లు, నిలువుగా నీటిలో దిగునట్లు అమర్చవలెను. మానుకు మేకులు కొట్టక, ఒక అడ్డకొయ్యకు బిగించి, ఆ కొయ్యను వెనుక కొసకు త్రాటితో కట్టిన చాలును. డెక్క ఉన్నచోట పైకి లాగుకొనవచ్చును.

ఈ రెక్కను ముందుకొసకు కట్టరాదు. దోనె మరింత తిరుగును. రెక్క సూటిగా నడిపించును గాని ఒరుగుటను ఆపదు. దానిని చూచి తేలుడు మానవద్దు.

నీట పరీక్ష

కట్టిన వెంటనే లోతునకు పోకుడు. గట్టు ప్రక్కన నడుము లోతు నీటిలో, ఇద్దరు మనుషులు దగ్గర నిలిచియుండగా పరీక్షింపవలెను. మేత బస్తాలకు బదులు అంతే బరువుగల మట్టి బస్తాలను పెట్టుడు. నీటి నుండి దోనె అంచు జానెడు ఎత్తున ఉండవలెను. లేనిచో బస్తా తగ్గింపుడు. తరువాత ఒక అంచును చేతులతో అదిమి ఆ ప్రక్క తేలుడును పూర్తిగా ముంచి విడువుడు. దోనె తనంతట తాను లేచి నిలువవలెను. రెండవ ప్రక్కను గూడ అట్లే చేయుడు. కట్టులు కదలినచో బిగించి మరల చూడుడు.

కడపట దోనెను నీటితో నింపి చూడుడు. తాటిమాను చేవ బరువైనది. నీరు నిండిన దోనె మనిషిని మోయలేదు. ముందు వెనుక కొసలలో ఒక్కొక్క ఖాళీ క్యానును లోపల కట్టియుంచినచో, నిండినను పట్టుకొనుటకు ఆధారముండును.

హెచ్చరిక

ఈ అమరికలు నిలకడగల చెరువు నీటికే. వరద నీటిలో కొట్టుకువచ్చు చెట్టుకొమ్మ అడ్డవాసమునకు తగులుకొన్నచో దోనె ఒక్కసారి తిరగబడును. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెంట వంశధార ఎట్లు పొంగినదో మీరెరుగుదురు. అట్టి నీటిలోనికి ఏ దోనెతోను దిగవద్దు. కాలువలలోను, సముద్రములోను వాడవద్దు. ఈత వచ్చినను, రాకున్నను, తేలు జాకెట్టు తొడుగుకొనవలెను. పిల్లలను ఒంటిదోనె ఎక్కనీయకుడు.

రెండు వాసములు, నాలుగు క్యాన్లు, కొంత త్రాడు, ఒక పూట పని. తవుడు బస్తా పోయిన మరల కొనవచ్చును. మనిషి పోయిన తేలేము. ఈ వారమే మీ ఊరి చెరువు గట్టుకు పోయి, అక్కడ కట్టియున్న దోనెను ఒకసారి చేతితో అదిమి చూడుడు. అది లేచి నిలువకున్నచో, దానికొక సంగడీడు కావలెనని గ్రహింపుడు.