ప్లకార్డు ఎప్పుడు ఎత్తాలి?

ప్రశ్న: కాలేజీ మోడల్ యూఎన్ (ఐక్యరాజ్యసమితి నమూనా సభ) భద్రతా మండలిలో నాకు చైనా ప్రతినిధి పాత్ర ఇచ్చారు. ఎప్పుడు మాట్లాడాలో తెలియక నోరు పెగలడం లేదు.
– ఇంటర్ విద్యార్థిని, అరసవల్లి

జవాబు: అమ్మా, లోపం నీ గొంతులో లేదు, నియమాలు ముందే చదవకపోవడంలో ఉంది. మొదట నీ దేశం పేరున్న ప్లకార్డు ఎత్తి వక్తల జాబితాలో పేరు వేయించుకో. అది మీ ఊరి గుడిలో రథసప్తమి క్యూ లాంటిదే, వరస తప్పితే దర్శనం ఉండదు. మధ్యలో అభ్యంతరం చెప్పేది నియమం తప్పినప్పుడే. ఎదుటివారి వాదన నచ్చలేదని లేచి చాలామంది చీవాట్లు తింటారు. 'నేను' అనకు, 'చైనా' అను. నీ సొంత అభిప్రాయం ఇంట్లోనే వదిలిరా. ముఖ్యమైన తీర్మానం నెగ్గాలంటే 15లో 9 ఓట్లు రావాలి. ఆ తొమ్మిదీ వచ్చినా నీ వీటో ఒక్కటి చాలు, ఆగిపోతుంది. దాన్ని బేరానికి దాచుకో. నియమాలు పోటీకో తీరు. నిర్వాహకుల పుస్తకం చదివాకా అర్థం కాకపోతే, సభకు ముందే అధ్యక్షస్థానంలో ఉన్నవారిని అడుగు.