సంతకం దేనిమీద ఉందో చూడు

అమ్మలూ,

ఆధార్ ఆఫ్‌లైన్ ఈకేవైసీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను సరిచూసే పని నీకు అప్పజెప్పారని, లైబ్రరీలో ఒక్క ఫంక్షన్ పిలిస్తే ‘ట్రూ’ వచ్చేసిందని రాశావు. ఆ ‘ట్రూ’ ఏ భాగం గురించో తెలిసేదాకా దాన్ని నమ్మకు.

ఆ ఫైళ్లలో ఉండే ఎక్స్‌ఎంఎల్ సంతకాల పద్ధతిని డబ్ల్యూ3సీ, ఐఈటీఎఫ్ కలిసి తయారుచేశాయి. 2002లో అది ప్రమాణమైంది. ఇందులో సంతకం నేరుగా పత్రం మీద పడదు. కాపాడాల్సిన భాగానికి హాష్ లెక్కగట్టి, ఆ విలువను ‘రిఫరెన్స్’ అనే ఎలిమెంట్‌లో పెడతారు. రిఫరెన్స్‌లన్నీ ‘సైన్డ్‌ఇన్ఫో’లో ఉంటాయి. ప్రైవేట్ కీతో సంతకం చేసేది దానిమీద. అందుకే సరిచూడటంలోనూ రెండు పనులు: రిఫరెన్స్‌ల హాష్‌లు మళ్లీ లెక్కగట్టి పోల్చాలి, సైన్డ్‌ఇన్ఫో మీది సంతకాన్ని పబ్లిక్ కీతో తేల్చుకోవాలి. ఏది తప్పినా పత్రం చెల్లదు.

హాష్‌కి కావలసింది బైట్లు, అర్థం కాదు. రెండు ఆట్రిబ్యూట్లు అటూ ఇటూ మారినా అర్థం మారదు గానీ హాష్ మారిపోతుంది. అందుకే ముందు కెనానికలైజేషన్ చేస్తారు: ఆట్రిబ్యూట్లు ఒక వరసలోకి వస్తాయి, కోట్‌లన్నీ డబుల్ కోట్‌లవుతాయి. ట్యాగుల మధ్య ఖాళీలను మాత్రం అది ముట్టుకోదు. ఫైలును ఎడిటర్‌లో తెరిచి అందంగా సర్ది సేవ్ చేశావంటే సంతకం చెడినట్టే. వచ్చిన బైట్లను వచ్చినట్టే దాచు.

ఈ కెనానికలైజేషన్‌లోనే ఒక చిక్కుంది. దాని మామూలు రూపం కామెంట్లను తీసేస్తుంది. ఇదే పద్ధతిలో సంతకం చేసి లాగిన్‌కి వాడే సామ్ల్ పత్రంలో యూజర్ పేరు ‘సురేష్_2’ అనుకో. ఆ ఖాతాదారు తనకొచ్చిన పత్రాన్ని ‘సురేష్<!---->_2’ అని మార్చాడు. హాష్ తీసేటప్పుడు కామెంట్ పోతుంది కాబట్టి సంతకం చక్కగా సరిపోతుంది. పేరు చదివే కోడ్ కామెంట్ దగ్గరే ఆగిపోతే చేతికొచ్చేది ‘సురేష్’. ఇంకొకరి ఖాతా తెరుచుకుంటుంది! 2018లో పలు సామ్ల్ లైబ్రరీలలో సరిగ్గా ఈ లోపమే బయటపడింది.

దీనికన్నా పాతది, నన్ను ఎక్కువ భయపెట్టేది రాపింగ్ దాడి. సంతకమున్న అసలు ఎలిమెంట్‌ను పత్రంలో ఓ మూలకు జరిపి, అది ఉండాల్సిన చోట నకిలీది పెడతారు. సరిచూసే కోడ్ రిఫరెన్స్‌లోని ఐడీ పట్టుకుని అసలు దాని దగ్గరికే పోయి ‘ట్రూ’ అంటుంది. నీ కోడ్ మాత్రం పాత దారిలోనే వెళ్లి నకిలీదాన్ని చదువుతుంది. గణితంలో తప్పేం లేదు, కీ ఎవరూ దొంగిలించలేదు. 2012లో పరిశోధకులు 14 సామ్ల్ వ్యవస్థలను పరీక్షిస్తే 11 ఇలాంటి దాడులకు లొంగాయి. వాటిని రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. సరిచూసే కోడ్ ఒకరిది, చదివే కోడ్ ఇంకొకరిది, ఆ రెండూ ఒకే ఎలిమెంట్‌ను చూస్తున్నాయా అని అడిగినవాళ్లు లేరు.

పబ్లిక్ కీ ఉండే సర్టిఫికెట్ సంగతి కూడా చూసుకో. ఫైలులోని ‘కీఇన్ఫో’లో వచ్చినదాన్నే నమ్మితే, ఎవరి కీతో వాళ్లు సంతకం పెట్టుకున్న ఫైలు కూడా పాసవుతుంది. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ ప్రచురించిన సర్టిఫికెట్‌ను విడిగా తెచ్చుకుని దానితోనే సరిచూడు.

సంతకం సరిపోయిన ఎలిమెంట్‌ను తిరిగి ఇచ్చే ఫంక్షన్ నీ లైబ్రరీలో ఉందేమో వెతుకు. ఉంటే పేరు, పుట్టినతేదీ అందులోంచే తీసుకో, మూల పత్రం జోలికి మళ్లీ వెళ్లకు. లేకపోతే ఫోన్ చెయ్యి, ఆదివారం ఇద్దరం కూర్చుని రాద్దాం.

పెద్దమ్మ