చిన్నపిల్లల పరీక్షలు: మెతుకు పట్టి చూడటమా, అన్నమంతా పిసకడమా?

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే గోడ మీద ఖాళీ జాగా కనపడదు. జావా, పైథాన్, డేటా సైన్స్, బ్యాంకు పరీక్షలు, హాస్టల్లో బెడ్డు ఖాళీ... ఈ బోర్డులన్నీ మన వయసు వాళ్ల కోసం. మనం ఏ పరీక్ష రాస్తున్నామో, ఎందుకు రాస్తున్నామో కాస్తో కూస్తో తెలిసే రాస్తున్నాం. కానీ అక్కడి నుంచి ఒక్క స్టేషన్ దూరంలో ఉన్న పంజాగుట్ట దాకా సందుల్లో తిరిగితే ఇంకో రకం మాటలు కూడా చెవిన పడతాయి. ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్, నవోదయ, సైనిక్ స్కూల్. ఇవి ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లల కోసం.

మనలో చాలామంది ఈ ఏరియా హాస్టళ్లలో ఉంటూ సాయంత్రాలు చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్తున్నాం. కాబట్టి ఇది మనకి దూరపు విషయం కాదు. ఈ వ్యాసంలో మూడు ప్రశ్నలు చూద్దాం. అందరికీ ఒకే పేపరు ఇచ్చే పరీక్షలో ఎన్ని రకాలున్నాయి? వాటివల్ల ప్రైమరీ పిల్లలకీ, వాళ్ల టీచర్లకీ ఏం జరుగుతుంది? ట్యూషన్ చెప్పే మనం ఏం చేయొచ్చు?

1. రెండు రకాల పరీక్షలు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే మన అమ్మ ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. గిన్నెలో అన్నమంతా పిసికి చూడదు. పరీక్షల్లో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి.

మొదటి రకానికి మంచి ఉదాహరణ నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే. 2021 నవంబరు 12న దేశమంతా 3, 5, 8, 10 తరగతుల పిల్లలకి ఈ పరీక్ష పెట్టారు. 720 జిల్లాల్లో సుమారు 1.18 లక్షల స్కూళ్లు, 34 లక్షల మంది పిల్లలు. వినడానికి పెద్ద సంఖ్యే గానీ దేశంలోని పిల్లలందరితో పోలిస్తే ఇది శాంపిల్ మాత్రమే. ఇందులో ఏ పిల్లాడికీ ర్యాంకు రాదు, ఎవరూ తప్పరు. జిల్లాలో చదువు ఎలా ఉందో తెలుస్తుంది. 2024 డిసెంబరు 4న 'పరఖ్' పేరుతో 3, 6, 9 తరగతులకి జరిపిన సర్వే కూడా ఈ కోవకే చెందుతుంది.

రెండో రకం, ఒక్కో పిల్లాడి దారిని తేల్చేది. ఐదో తరగతి పిల్లలు రాసే నవోదయ ఎంట్రన్స్ చూడండి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, అంటే 50 మార్కులు, మెంటల్ ఎబిలిటీకి. బొమ్మల వరసలో తర్వాతి బొమ్మ ఏది, నాలుగింటిలో తేడాగా ఉన్నది ఏది, ఇలాంటివి. బడిలో ఏ మాస్టారూ ఈ బొమ్మల పాఠం చెప్పరు. ఏ బడిలో చదివినా తెలివిని సమానంగా కొలుద్దాం అనుకుంటే ఇవి న్యాయంగానే కనపడతాయి. అయితే బడిలో చెప్పని దాన్ని బయట డబ్బు తీసుకుని చెప్పేవాళ్లు వస్తారు. అమీర్‌పేటలో ఉంటున్న మనకి ఈ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పేపరు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఫలితం మీద ఏం ఆధారపడి ఉందన్న దాంట్లోనే తేడా అంతా.

2. చట్టం ఏమంది, బడిలో ఏమైంది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన అమ్మానాన్నల తరం ఏడో తరగతిలోనే కామన్ పరీక్షలు రాసింది. చిన్నపిల్లల మీద చదువు బరువు ఎక్కువైందని 1993లో యశ్‌పాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. నర్సరీ సీటుకి పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టడం ఆపాలని కూడా చెప్పింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకా ముందుకెళ్లింది. సీటు ఇవ్వడానికి పిల్లలకి వడపోత పెట్టకూడదు, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బోర్డు పరీక్ష ఉండకూడదు, ఎవర్నీ ఫెయిల్ చేసి అదే క్లాసులో ఉంచకూడదు, పిల్లలకి భయం లేకుండా చదువు చెప్పాలి అంది.

దాంతో పరీక్ష స్థానంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. మనం చిన్నప్పుడు ఎఫ్‌ఏ, ఎస్‌ఏ అని రాసినవి అవే. ఎఫ్‌ఏలో నాలుగు భాగాలు: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. ఆలోచన చాలా మంచిది. పిల్లాడిని ఒక్కరోజు రాసిన దాన్నిబట్టి కాకుండా ఏడాది పొడుగునా గమనించాలి అని. కానీ నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికి సబ్జెక్టుకి నాలుగేసి గళ్లు నింపాలంటే ఏమవుతుంది? 40 మంది, 4 సబ్జెక్టులు, 4 భాగాలు: ఒక్క ఎఫ్‌ఏకి 640 అంకెలు. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, 2,560 అంకెలు. గమనించాల్సిన టైములో టీచరు రిజిస్టరు నింపుతూ కూర్చుంటారు. ప్రాజెక్టు పనులు ఎవరు చేశారో మనకి తెలుసు. అమ్మో, అక్కో, నెట్ సెంటరో.

2019లో చట్టాన్ని సవరించి, 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి తప్పినవాళ్లని ఆపే అధికారం ప్రభుత్వాలకి ఇచ్చారు. తమిళనాడు ఆ రెండు తరగతులకి పబ్లిక్ పరీక్షలు ప్రకటించి, వ్యతిరేకత రావడంతో 2020 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది. కేంద్రం మాత్రం 2024 డిసెంబరులో తన పరిధిలోని స్కూళ్లకి ఆ నియమం తెచ్చింది. తప్పినవాళ్లకి రెండు నెలల్లో ఇంకో అవకాశం ఇస్తారు, అప్పటికీ తప్పితే అదే క్లాసు. బడి నుంచి పంపేయడం మాత్రం కుదరదు. అంటే పదేళ్ల పిల్లాడి ముందుకి పాస్, ఫెయిల్ మళ్లీ వచ్చాయి.

3. ఓవర్‌ఫిట్టింగ్ మనకి తెలిసిందే

మెషిన్ లెర్నింగ్ చదివినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మోడల్‌కి ట్రైనింగ్ డేటా మొత్తం బట్టీ పట్టిస్తే అక్కడ 99 శాతం చూపిస్తుంది, కొత్త డేటా ఇవ్వగానే బోల్తా పడుతుంది. పిల్లలకి గైడులో ఉన్న ప్రశ్నలే పదిసార్లు రాయిస్తే జరిగేదీ ఇదే. 'నీటి పొదుపు' మీద వ్యాసం గడగడా రాస్తాడు, తను నిన్న చూసిన ఊరేగింపు గురించి నాలుగు వాక్యాలు రాయమంటే పెన్ను కదలదు.

డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే ఈ సంగతి చెప్పాడు. ఒక అంకె మీద నిర్ణయాలు ఎంత ఎక్కువగా ఆధారపడితే, ఆ అంకె అంత చెడిపోతుంది, అది కొలిచే పనిని కూడా చెడగొడుతుంది అని. అమెరికాలో ఇది పెద్ద ఎత్తున కనపడింది. 2002లో సంతకమైన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ప్రకారం 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా చదవడం, లెక్కల్లో పరీక్ష పెట్టాల్సి వచ్చింది. ఏటా అనుకున్నంత మెరుగుపడని స్కూలు మీద చర్యలు ఉండేవి. మనవాళ్లు చాలామంది స్థిరపడిన అట్లాంటాలో చివరికి ఏమైందంటే, టీచర్లే జవాబు పత్రాలు దిద్దారు. 2011లో దర్యాప్తు చేసినవాళ్లు 44 స్కూళ్లలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు తేల్చారు. 2015లో 11 మందికి కోర్టులో నేరం రుజువైంది.

ఆ టీచర్లంతా పుట్టుకతో మోసగాళ్లు కాదు. ఉద్యోగం, స్కూలు పేరు ఒక్క అంకెకి కట్టేస్తే మామూలు మనుషులు ఎంత దూరం వెళ్తారో అది చూపించింది. ఇక్కడ నష్టపోయింది ముఖ్యంగా పిల్లలు. చదవడం రాని పిల్లాడికి 'బాగా వచ్చు' అని కాగితం వచ్చింది. దాంతో వాడికి అందాల్సిన సాయం అందలేదు.

4. మన దగ్గర జరిగిన ప్రయోగం

అలాగని పరీక్షలన్నీ పనికిరావు అనేస్తే అది కూడా తొందరపాటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక పెద్ద ప్రయోగం ఉంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ చేశారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ అమలు చేసింది. పల్లెల్లోని ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లు తీసుకున్నారు. 100 స్కూళ్లలో టీచర్లందరికీ కలిపి బోనస్, 100 స్కూళ్లలో ఎవరి క్లాసుకి తగ్గట్టు వాళ్లకి బోనస్, 100 స్కూళ్లలో ఏమీ లేదు. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. అదీ పిల్లలు కిందటేడాది కంటే ఎంత మెరుగయ్యారన్న దాన్నిబట్టి.

రెండేళ్లయ్యాక బోనస్ ఉన్న స్కూళ్ల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు. బట్టీ ప్రశ్నల్లోనే కాదు, ఆలోచించి రాయాల్సిన ప్రశ్నల్లో కూడా. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. టీచర్ల హాజరు మాత్రం పెరగలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ హోంవర్క్ ఇచ్చారు, అదనపు క్లాసులు తీసుకున్నారు.

అట్లాంటాలో చెడింది ఇక్కడ ఎందుకు నిలబడింది? మూడు తేడాలు కనపడుతున్నాయి. పరీక్ష బయటివాళ్లు పెట్టారు. పేపరు బట్టీకి లొంగేలా తయారు చేయలేదు. మార్కులు తగ్గితే టీచరుకి శిక్ష లేదు, పిల్లాడికి అసలే లేదు. కొలిచే కర్ర చేతిలో ఉండొచ్చు, అది బెత్తం కాకుండా చూసుకున్నారు.

5. మరి ఎంట్రన్సులు తీసేద్దామా?

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మన రాష్ట్రంలో నాలుగో తరగతి పిల్లలు గురుకులాల్లో ఐదో తరగతి సీటు కోసం ఓఎంఆర్ షీటు మీద ఎంట్రన్స్ రాస్తారు. పంజాగుట్ట అపార్ట్‌మెంట్లలో పనిచేసే అమ్మకీ, వాచ్‌మన్‌గా ఉండే నాన్నకీ ఆ సీటంటే కూతురికి పన్నెండో తరగతి దాకా చదువు, మూడు పూటలా తిండి, ఉండడానికి చోటు. ఎవరి సిఫారసూ అక్కర్లేని తలుపు అది. 'పరీక్షలు వద్దు' అని మనం హాస్టల్ రూములో కూర్చుని అనేస్తే ఆ అమ్మ ఒప్పుకోదు. ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు.

అయితే అసలు లోటు సీట్లది. ఇంటి దగ్గరి బడి అంతే బాగుంటే తొమ్మిదేళ్ల పిల్లకి గళ్లు నింపే పోటీ అక్కర్లేదు. సీట్లు తక్కువైనప్పుడు పరీక్ష చేసేది చదువుని కొలవడం కాదు, వరసలో ఎవరు వెనక్కి వెళ్లాలో చెప్పడం. సీటు రాని పిల్లకి ఆ సంగతి ఎవరూ విడమర్చి చెప్పరు. 'నీకు చదువు రాదు' అన్నట్టే అర్థమవుతుంది. మార్కు తెచ్చే పెద్ద నష్టం నా దృష్టిలో ఇదే.

6. ట్యూషన్ చెప్పేవాళ్లకి ఒక పని

రెండు తీసివేతలు చూడండి. 63 – 28 = 45. 70 – 26 = 56. రెండూ తప్పే. ఇప్పుడు ఇంకోటి: 85 – 42 = 43. ఇది కరెక్టు. ఒక పాప ఇలాంటి ఐదు లెక్కల్లో మూడు కరెక్టు చేసింది, 5కి 3. పక్కన కూర్చున్న బాబుకి కూడా 3 వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డులో ఇద్దరూ ఒకటే.

కానీ పాప తప్పుల్ని దగ్గరగా చూడండి. ఒకట్ల స్థానంలో 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసింది. 0లోంచి 6 పోదు కాబట్టి 6 అలాగే వేసింది. ప్రతిసారీ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తోంది. ఆమెకి అప్పు తెచ్చుకోవడం ఒక్కటే అర్థం కాలేదు. పుల్లల కట్టలతో రెండు సాయంత్రాలు కూర్చోబెడితే పోతుంది. బాబుకి పద్ధతి వచ్చు, కంగారులో అంకెలు తప్పు దించుకుంటున్నాడు. అతనికి కావాల్సింది ఇంకో యాభై లెక్కలు కాదు, కాస్త నిదానం. ఇద్దరికీ వంద లెక్కల హోంవర్క్ ఇస్తే పాప తన తప్పుని వందసార్లు ప్రాక్టీసు చేస్తుంది.

అందుకే ట్యూషన్ చెప్పే మిత్రులకి ఒక సూచన. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పేజీకి మూడు నిలువు గీతలు. మొదటి గడిలో పిల్లలు రాసిన జవాబు ఉన్నదున్నట్టు, రెండో గడిలో 'ఎలా చేశావు?' అని అడిగితే వాళ్లు చెప్పింది, మూడో గడిలో మీకు అర్థమైంది, నాలుగో గడిలో మర్నాడు ఏం చెప్పాలో. మార్కులకి గడి పెట్టకండి. ఒక నెల చేసి చూడండి. తల్లిదండ్రులు 'ఎన్ని మార్కులొస్తున్నాయి?' అని అడిగినప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచి, 'ఇది వచ్చింది, ఇది ఇంకా రాలేదు, ఈ వారం దీని మీద కూర్చుంటున్నాం' అని చూపించండి. ఆ జవాబు మార్కు కంటే వాళ్లకి బాగా అర్థమవుతుంది.

నెల తర్వాత మీ నోట్‌బుక్కుల్లో ఎక్కువసార్లు కనపడిన తప్పులేంటో క్లబ్ మీటింగుకి పట్టుకురండి. ఎవరి పిల్లల పేర్లూ వద్దు, తప్పులు చాలు. వాటిని కలిపి చూస్తే ఈ రెండు పేటల్లో మన దగ్గర చదువుకునే పిల్లలకి ఏది అర్థం కావట్లేదో తెలుస్తుంది.