ఎవరికి ఏ సంగీత పాఠము? – మన కుటుంబములకు, సంఘములకు ఒక ధ్యాన పాఠము

పఠన భాగములు: 1 దినవృత్తాంతములు 25:1-8, కొలొస్సయులకు 3:16, 1 కొరింథీయులకు 14:15



పాఠశాలలకు వేసవి సెలవులు వచ్చుచున్నవనగానే మన యిండ్లలో ఒక ప్రశ్న లేచును. పిల్లవానికి కీబోర్డు నేర్పించుదుమా, గిటారు నేర్పించుదుమా? అమ్మాయిని పాటకు పంపుదుమా? ఈ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. బీదర్ వంటి పట్టణములలో స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుదురు, వీధిలో హిందీ, దక్కనీ ఉర్దూ మాట్లాడుదురు. తెలుగు మాట్లాడగలరు గాని కీర్తనల పుస్తకము చేతికిచ్చినయెడల చదువలేరు. తాతలు, అమ్మమ్మలు పుస్తకము చూడకుండ పాడు కీర్తనలు మనుమల నోట నిలుచునా, నిలువవా? ఈ రెండవ ప్రశ్నను మనస్సునందుంచుకొని మొదటి ప్రశ్నకు జవాబు వెదకుదము.

1. లేఖనమునందలి మాదిరి

దావీదు దేవుని మందిర సేవకై గాయకులను ఏర్పరచిన విధము 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయములో ఉన్నది. ఆసాపు కుమారులు నలుగురు, యెదూతూను కుమారులు ఆరుగురు, హేమాను కుమారులు పదునలుగురు, వెరసి 24 మంది. ఒక్కొక్కరి వంతున 12 మంది చొప్పున 288 మంది. ఇందులో మూడు సంగతులు గమనించుడి. మొదటిది, వీరు నేర్చుకొని ప్రవీణులైనవారు. భక్తి యున్నది గనుక అభ్యాసము అక్కరలేదని ఎవరును అనుకొనలేదు. రెండవది, పిన్నలు పెద్దలు, గురువులు శిష్యులు అను భేదము లేక అందరును చీట్లు వేసుకొనిరి. మూడవది, వారు తమ తండ్రుల చేతిక్రింద సేవచేసిరి. అనగా పాట ఒక తరము నుండి మరియొక తరమునకు ఇంటిలోనే అందెను. హేమానునకు ముగ్గురు కుమార్తెలు కూడ ఉండిరని 5వ వచనము ప్రత్యేకముగా చెప్పుచున్నది. కనుక సంగీతము మగపిల్లలకు మాత్రమే అనియు, ఆడపిల్లలకు మాత్రమే అనియు మనము నిర్ణయించరాదు.

పౌలు 1 కొరింథీయులకు 14:15లో ఆత్మతోను మనస్సుతోను పాడుటను గూర్చి వ్రాసెను. అర్థము తెలియని భాషలో పిల్లవాడు ఎంత మధురముగా పాడినను సగము పని మిగిలియే యుండును.

2. మొదట గురి ఏమిటో తేల్చుకొనుడి

వాయిద్యము కొనుటకు ముందు, ఎందుకు నేర్చుకొనుచున్నామో ఒక కాగితముమీద వ్రాసుకొనుడి. సాధారణముగా నాలుగు గురులుండును.

(అ) ఆరాధనలో శ్రుతి తప్పక పాడుట. దీనికి వాయిద్యము కొననక్కరలేదు. గాత్ర పాఠము చాలును.

(ఆ) సంఘము పాడుచుండగా వాయించుట. దీనికి హార్మోనియము, కీబోర్డు, తబలా, ఢోలక్ తగియుండును.

(ఇ) గాయక బృందములో నాలుగు స్వరములలో, అనగా సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ భాగములలో పాడుట. దీనికి పాశ్చాత్య స్వరలిపి గాని, టానిక్ సోల్ఫా గాని చదువుట నేర్వవలెను.

(ఈ) పరీక్షలు వ్రాసి సంగీతమును వృత్తిగా చేపట్టుట. దీనికి క్రమమైన పాఠ్యప్రణాళిక, యోగ్యుడైన గురువు, అనేక సంవత్సరముల ఓర్పు కావలెను.

మొదటి గురి గలవానిని నాలుగవ మార్గమున పంపినయెడల విసుగుకొని మానివేయును. నాలుగవ గురి గలవానిని నెల దినముల శిబిరముతో సరిపెట్టినయెడల వాని వరము వృథాయగును.

3. వయస్సును బట్టి పాఠము

ఆరేండ్లలోపు పిల్లలు: వీరికి రుసుము కట్టి వాయిద్యము నేర్పించుటకు తొందరపడవద్దు. ఇంటి ప్రార్థనలో పది నిమిషములు చప్పట్లతో తాళము వేయుచు చిన్న పాటలు పాడించుడి. చెవి, లయ ఈ వయస్సులో చక్కగా కుదురును. వీరికి తల్లియే మొదటి గురువు.

ఏడు మొదలు పదకొండేండ్లవారు: క్రమముగా నేర్చుటకు ఇది మంచి కాలము. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు ఇప్పుడు మొదలుపెట్టవచ్చును. దినమునకు ఇరువది నిమిషములు చాలును. ఆదివారము రెండు గంటలు కూర్చుండుటకంటె ప్రతిదినము ఇరువది నిమిషములు మేలు. గిటారు కోరినయెడల పెద్దవారి గిటారు ఇయ్యక, చిన్న కొలత గలదియు నైలాన్ తీగలు గలదియు చూడుడి. ఇనుప తీగలు లేత వ్రేళ్లను నొప్పించును.

పండ్రెండు మొదలు పదునారేండ్లవారు: మగపిల్లల కంఠము ఈ కాలమున మారును. నిన్నటివరకు పైస్థాయిలో పాడినవాడు నేడు గొంతు పగిలి సిగ్గుపడును. వానిని గేలిచేయవద్దు, బలవంతముగా హెచ్చుశ్రుతిలో పాడించవద్దు. ఆ సంవత్సరములు తబలాకు గాని కీబోర్డునకు గాని మళ్లించి, మెల్లగా క్రింది స్థాయిలో పాడనిచ్చినయెడల తరువాత మంచి కంఠముతో తిరిగి వచ్చును. పదవ తరగతి పరీక్షల సంవత్సరమున అభ్యాసము తగ్గించవచ్చును గాని పూర్తిగా మాన్పించవద్దు. మానినవారిలో తిరిగి మొదలుపెట్టువారు కొద్దిమందియే.

ఉద్యోగస్థులు, గృహిణులు: మాకు వయస్సు మీరినదని అనుకొనవద్దు. వీరికి హార్మోనియము తగియున్నది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో రూపొందించెనని చెప్పబడు ఈ చేతి హార్మోనియము నేలమీద కూర్చుండి వాయించుటకు అనుకూలము. దీనికి విద్యుత్తు అక్కరలేదు. గమకములు దీనిలో సరిగా పలుకవు గాని సంఘమునకు శ్రుతి నిలుపుటకు చాలును. పది కీర్తనలు వాయించగలుగుటను మొదటి సంవత్సరపు గురిగా పెట్టుకొనుడి.

వృద్ధులు: వీరు నేర్చుకొనువారు మాత్రమే కారు, నేర్పువారు కూడ. పాత మట్లు వీరి నోటనే యున్నవి. ఒకే కీర్తనను ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క మట్టుతో పాడుట మనమెరుగుదుము. ఆ మట్టు ఎరిగినవారు గతించినయెడల అదియు గతించును. యౌవనస్థులు వారియొద్ద కూర్చుండి, వారి పాటను సెల్‌ఫోనులో రికార్డు చేసి, అదే మట్టున నేర్చుకొనవలెను. ఇదియు ఒక సంగీత పాఠమే, దీనికి రుసుము లేదు.

4. మన ప్రాంతపు ప్రత్యేక సమస్య

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమునందు కీర్తనల తలలో రాగము, తాళము పేర్లు అచ్చువేయబడి యుండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు భక్తులు మన దేశపు రాగములలో పాటలు కట్టిరి. ఆ పేర్లు కర్ణాటక సంగీతమునకు సంబంధించినవి. మనమున్నదో ఉత్తర కర్ణాటకము. ధార్వాడ, గదగ్ ప్రాంతములనుండి మల్లికార్జున మన్సూర్ (1910–1992), గంగూబాయి హానగల్ (1913–2009), భీమ్‌సేన్ జోషి (1922–2011) వంటి హిందుస్తానీ విద్వాంసులు వచ్చిరి. గదగ్‌లోని వీరేశ్వర పుణ్యాశ్రమమున, తానే అంధుడైన పుట్టరాజ గవాయి (1914–2010) అంధులకును బీదపిల్లలకును ఈ సంగీతమునే నేర్పెను. కాబట్టి మనకు దొరుకు గురువు హిందుస్తానీ పద్ధతివాడై యుండుట సహజము.

ఇందువలన నష్టమేమియు లేదు, పేర్లు మార్చుకొనుట తెలిసినయెడల చాలును. స్వరములను బట్టి చూడగా మన మాయామాళవగౌళ వారి భైరవ్, శంకరాభరణము బిలావల్, కల్యాణి యమన్, మోహన భూప్, ఖరహరప్రియ కాఫీ, హరికాంభోజి ఖమాజ్, హిందోళము మాల్కౌంస్. పాడు పద్ధతిలో తేడా యున్నను స్వరములు ఇంచుమించు అవే.

రెండు చోట్ల జాగ్రత్త అవసరము. మన తోడి స్వరములు వారి భైరవిలో ఉన్నవి. వారు తోడి అనునది వేరొకటి. అట్లే మన రూపక తాళము 6 అక్షరములది, వారి రూపక్ 7 మాత్రలది. పుస్తకములో రూపకమని చూచి తబలా సహోదరుడు రూపక్ వాయించినయెడల పాట తడబడును. అచ్చట 6 మాత్రల దాద్రా సరిపోవును. ఆది తాళమునకు 8 మాత్రల కెహర్వా, మిశ్ర చాపునకు 7 మాత్రల రూపక్ పొందిక. కీబోర్డులోని తయారు తాళము నొక్కి ప్రతి కీర్తనను దానిలో ఇరికించుట కూడ సరికాదు. 7 మాత్రల పాటను 4 మాత్రల తాళములో పెట్టినయెడల మాటలు విరిగిపోవును.

5. మనస్సాక్షిని గూర్చిన ప్రశ్న

కొందరు తల్లిదండ్రులు పిల్లలను చేర్పించి, మూడు నెలలకే మాన్పించుచున్నారు. గీతములు మొదలుకాగానే అన్య దేవతల స్తుతి వచ్చుచున్నదని వారి బాధ. ఈ బాధను తేలికగా కొట్టివేయరాదు. అయితే దానిని ముందే ఆలోచించుకొనవలెను. కర్ణాటక సంగీతపు ప్రారంభ పాఠములకు క్రమము ఏర్పరచెనని చెప్పబడు పురందరదాసు (1484–1564) కన్నడ భక్తకవి. గీతములలో ఆయన భక్తి కనబడుట సహజము. కాని సరళీ వరుసలు, జంటలు, అలంకారములు కేవలము స్వరములే. వాటిలో ఏ స్తుతియు లేదు.

చేర్పించు దినముననే గురువుగారితో వినయముగా మాటలాడుడి. గీతములను స్వరములతో మాత్రము నేర్పుదురా, సాహిత్యమునకు బదులు మన కీర్తనను అదే రాగములో నేర్పుదురా అని అడుగుడి. అంగీకరించినయెడల స్తోత్రము; అంగీకరించనియెడల గౌరవముతో సెలవు తీసికొని వేరొకరిని వెదకుడి. గురువును గూర్చి గాని ఆయన భక్తిని గూర్చి గాని పిల్లల యెదుట తూలనాడవద్దు. పరీక్షలు వ్రాయించు తలంపున్నయెడల పాఠ్యప్రణాళికను ముందే చదువుడి. ఈ విషయమున ఒక కుటుంబపు నిర్ణయము మరియొకదానివలె ఉండకపోవచ్చును; రోమా 14:5 ప్రకారము ఎవరి మనస్సులో వారు స్థిరపడవలెను, ఒకరినొకరు తీర్పు తీర్చరాదు.

6. బదిలీలు గల కుటుంబములకు

వైమానిక దళ కేంద్రములోను, ఇతర కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలోను పనిచేయువారికి కొన్ని సంవత్సరములకొక బదిలీ తప్పదు. అట్టివారు అన్ని రాష్ట్రములలోను కొనసాగు పద్ధతిని ఎన్నుకొనుట మంచిది. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలి 1931లో ఏర్పడినది. ప్రారంభిక, ప్రవేశిక, మధ్యమ, విశారద అను దాని పరీక్షలకు దేశమంతట కేంద్రములున్నవి. కీబోర్డు, గిటారు, పియానో నేర్చువారికి లండన్ ట్రినిటీ కళాశాలవారి గ్రేడు పరీక్షలు ఇనిషియల్ మొదలు 8 వరకు ఉన్నవి. ఇక్కడనే స్థిరపడినవారికి కర్ణాటక రాష్ట్రపు జూనియర్, సీనియర్, విద్వత్ పరీక్షలు అనుకూలము. ఆరాధనలో పాడుటయే గురియైనవారికి ఏ పరీక్షయు అక్కరలేదు.

7. సంఘము చేయగలిగినది

మొదటిది, తెలుగు అక్షరములు. కన్నడ లిపియు తెలుగు లిపియు ఒకే మూలమునుండి పుట్టినవి. కన్నడము చదువు పిల్లవానికి తెలుగు అక్షరములు చాల వరకు తెలిసినట్లే యుండును. తలకట్టు భేదమును, కొన్ని అక్షరముల మార్పును చూపినయెడల ఒక వేసవిలో కీర్తనల పుస్తకము చదువగలడు. సంగీత పాఠమునకు ముందు పదిహేను నిమిషములు ఈ పాఠము పెట్టుడి.

రెండవది, సంఘము ఒక హార్మోనియము, ఒక జత తబలా కొని, కొనలేని కుటుంబముల పిల్లలు శనివారము సాయంకాలము మందిరములో అభ్యసించుటకు ఇయ్యవచ్చును. వరము డబ్బున్న యింట మాత్రమే పుట్టదు.

మూడవది, శ్రుతి. పురుషులకు సాధారణముగా 1 లేక 2, స్త్రీలకు 5 ప్రాంతము అనుకూలము. నాయకుడు తన కంఠమునకు మాత్రమే సరిపడు శ్రుతి పెట్టినయెడల సగము సంఘము మౌనముగా నిలుచును. అందరు పాడగలిగిన మధ్యశ్రుతిని వెదకుట కూడ ప్రేమయొక్క క్రియయే.

నాలుగవది, ఆదివారము ఉదయమున తరగతి పెట్టు గురువునొద్ద చేర్పించి, పిల్లలను ఆరాధనకు దూరము చేయవద్దు. దేవుని స్తుతించుటకై నేర్చునది దేవుని సన్నిధినుండి దూరపరచరాదు.

ప్రియులారా, కొలొస్సయులకు 3:16లో పౌలు బోధను, బుద్ధిచెప్పుటను, పాటను ఒక్కచోట చేర్చెను. మన పిల్లలు నేర్చు పాట వారికి బోధగా నిలుచును. మనము కట్టిన యిండ్లు వారు అమ్ముకొనవచ్చును, వేరొక పట్టణమునకు తరలిపోవచ్చును; నోటికి వచ్చిన కీర్తన వారి వెంటనే పోవును. ప్రభువు మనకు వివేచననిచ్చును గాక. ఆమేన్.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో తెలుగు కీర్తన చదివి పాడగల పిల్లలు ఎందరు? లెక్కించి చూడుడి.
2. మీ యింట నేర్చుకొనువారి గురి పై నాలుగింటిలో ఏది? పాఠము దానికి తగియున్నదా?
3. మన వృద్ధులకు మాత్రమే తెలిసిన మట్లు ఏవి? వాటిని ఈ సంవత్సరము ఎవరు నేర్చుకొందురు?
4. 1 దినవృత్తాంతములు 25:8లోని మాదిరిని మన గాయక బృందమునకు ఎట్లు అన్వయించుకొనగలము?