మోటారు సైకిలు భాగములు - లోహపు పూతల ఎంపిక

రాగి పాత్రకు తగరపు పూత పూయడాన్ని తెలుగువారు కళాయి అంటారు. ఉర్దూవారు కలయీ అంటారు. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాట మన కళాశాలలోని రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. కళాయి వేసేవాడు ముందు పాత్రను బాగుగా తోమి, నిప్పుల మీద కాచి, నవసాగరము చల్లి, ఆ తరువాతనే కరిగిన తగరమును దూదితో పులుముతాడు. పూతకన్న ముందు శుభ్రత, అందముకన్న ముందు అవసరము అనే రెండు సూత్రములు అతని పనిలోనే ఉన్నాయి. విద్యార్థులకు ప్రియమైన మోటారు సైకిలుకు ఈ సూత్రములు ఎట్లు వర్తిస్తాయో పరిశీలించుదాము.

ఇనుమునకు తేమ, ఆమ్లజని రెండూ తగిలినప్పుడు తుప్పు పుడుతుంది. ఉప్పుగాలి వీచే సముద్రతీరములో అది మరింత త్వరపడుతుంది. దీనిని ఆపే పూతలు రెండు విధములు. ఒకటి కంచె వలె అడ్డు నిలిచేది. రెండవది తాను నశించి ఇనుమును కాపాడేది. లోహముల ప్రమాణ ఎలక్ట్రోడు పొటెన్షియల్ విలువలను చూస్తే ఈ భేదము తెలుస్తుంది. జింకుకు -0.76 వోల్టులు, ఇనుముకు -0.44, నికెలుకు -0.25. ఋణ విలువ ఎక్కువగా ఉన్న లోహము ముందుగా క్షయిస్తుంది. అందువలన జింకు పూత మీద గీత పడినా చుట్టూ ఉన్న జింకు కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. నికెలు పూతకు చిల్లు పడితే మాత్రము ఆ చోట ఇనుమే బలి అవుతుంది.

తళతళలాడే హ్యాండిలు కడ్డీని చూచి, క్రోమియమే దానిని కాపాడుతున్నదని చాలామంది అనుకుంటారు. అలంకారపు క్రోమియము పొర సాధారణముగా అర మైక్రానుకు మించదు; అందులో కంటికి కనబడని బీటలు ఉంటాయి. అసలు రక్షణ దాని క్రింద ఎన్నో రెట్లు మందముగా ఉండే నికెలు పొరది. నికెలును పలుచన చేసి ధర తగ్గిస్తే కొత్తలో తేడా కనబడదు. ఒకటి రెండు వర్షాకాలములు గడిచిన పిదప తుప్పు చుక్కలు తేలుతాయి. కనుక పూత వేయించేవారు మెరుపును చూచి తృప్తిపడక, నికెలు మందము ఎంతో అడిగి తెలుసుకోవలెను.

ఇక భాగముల సంగతి. చట్రమునకు పౌడరు కోటింగు తగినది. విద్యుదావేశముతో పొడిని అంటించి సుమారు 180 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. బేరింగులు కూర్చునే చోట్లను, మరలను ముందే మూసి ఉంచవలెను. సైలెన్సరు గొట్టము వేడికి ఆ పొడి మాడిపోతుంది. అక్కడ సిలికోను రెసినుతో చేసిన, వేడిని తట్టుకొనే రంగు వాడవలెను. సిలిండరు రెక్కలు వేడిని గాలికి వదలవలసినవి కనుక వాటికి మందపు పూత దుప్పటి కప్పినట్లే అవుతుంది.

అల్యూమినియము భాగములకు ఆనోడైజింగు ఉన్నది. గంధకామ్లపు తొట్టిలో భాగమును ధనధ్రువముగా ఉంచి విద్యుత్తును ప్రవహింపజేస్తే దాని మీద ఆక్సైడు పొర పెరుగుతుంది. అది లోహము నుండే పుట్టినది కనుక రంగువలె పెచ్చులూడదు. మన దక్కనులోని బిద్రీ పని దీనికి దగ్గరి చుట్టము. జింకు, రాగి కలిసిన మిశ్రమలోహము మీద బీదరు కోట మట్టి, నవసాగరము కలిపిన ముద్దను రుద్దితే లోహమే నల్లబడుతుంది. పొదిగిన వెండి మాత్రము తెల్లగా నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. మేమొకప్పుడు పాత బండి హ్యాండిలును పట్టి ఉంచే గట్టి ఉక్కు బోల్టులకు మెరుపు కోసము పూత వేయించినాము. బిగించిన మరునాటి ఉదయము, బండి పెరటిలో నిలిచి ఉండగానే ఒక బోల్టు తల తెగి క్రింద పడి ఉన్నది. ఆమ్లముతో కడిగేటప్పుడు, పూత వేసేటప్పుడు పుట్టే హైడ్రోజను గట్టి ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసు చేస్తుందని తరువాత తెలుసుకొన్నాము. పూత ముగిసిన కొద్ది గంటలలోనే సుమారు 200 డిగ్రీల వద్ద చాలాసేపు కాచి ఆ హైడ్రోజనును వెళ్లగొట్టవలసి ఉంటుంది. ఆ ఏర్పాటు లేనిచోట హ్యాండిలు, బ్రేకు బోల్టులకు పూత వేయించరాదు. తగిన కొత్త బోల్టులు కొనడమే మేలు. అదే బోల్టు దారిలో తెగి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

పూత వేసే కార్మికుని మాట కూడా చెప్పవలెను. సాంప్రదాయిక క్రోమియము తొట్టిలో ఉండేది హెక్సావాలెంటు క్రోమియము. దాని సమ్మేళనములు మానవులలో క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1990లో వర్గీకరించినది. తొట్టి నుండి లేచే తుంపరలు ముక్కు లోపలి గోడకు చిల్లు పెట్టగలవు. గాలిని లాగివేసే పంకా, చేతికి తొడుగు లేని గదిలో చౌకగా దొరికే మెరుపు వెల ఆ కార్మికుడు చెల్లిస్తున్నాడు. అలంకారపు పూతకు హాని తక్కువైన ట్రైవాలెంటు క్రోమియము తొట్టెలు నేడు వాడుకలో ఉన్నాయి.

మన విద్యార్థులలో రేపు వర్కుషాపులు నడిపేవారు ఉంటారు. బండి కొనేవారు అంతకన్న ఎక్కువ ఉంటారు. ఈ భాగము చేసే పని ఏమి, ఇది ఏ లోహము, ఈ పూత వేసే చేతులకు కలిగే హాని ఏమి అన్న మూడు ప్రశ్నలు అడిగిన తరువాతనే, రంగు ఏది బాగుంటుందన్న నాలుగవ ప్రశ్నకు రావలసినదిగా వారిని కోరుతున్నాము.