సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్, ప్యాచ్: గుండెకు ప్రమాదమా?



గుండెకు స్టెంట్ వేయించుకున్న తరువాత కూడా బీడీ, సిగరెట్ మానలేనివారు మన కుటుంబాల్లో ఉన్నారు. డాక్టరు నికోటిన్ గమ్ గానీ ప్యాచ్ గానీ రాసిస్తే ఇంటివారికి భయం పట్టుకుంటుంది. "పొగాకులో ఉండేది నికోటినే కదా, మళ్లీ దాన్నే ఒంట్లోకి ఎక్కించడమా?" అంటారు. గమ్ బీరువాలోకి పోతుంది, బీడీ మాత్రం జేబులోనే ఉంటుంది. ఈ భయంలో నిజమెంతో ఈ వారం తెలుసుకుందాం.

గుండెను చెడగొట్టేది ఏది?

యూనానీ వైద్యంలో ఖల్బ్, అంటే గుండె, ముఖ్య అవయవాలలో ఒకటి. దానికి అసలు శత్రువు పొగ. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. మిగతా విషాలు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. నికోటిన్ కూడా నిర్దోషి కాదు. అది నాడి వేగాన్ని, రక్తపోటును కొంత పెంచుతుంది, అలవాటులో కట్టిపడేస్తుంది. అయితే పొగతో క్షణాల్లో మెదడుకెక్కే నికోటిన్, గమ్ లేదా ప్యాచ్‌తో నెమ్మదిగా, తక్కువగా రక్తంలో కలుస్తుంది. పొగ అసలే ఉండదు. బీడీ చిన్నది కాబట్టి తేలిక అనుకోకండి, దాని పొగ కూడా అంతే హాని చేస్తుంది.

పరీక్షించి చూశారా?

అక్బర్ పాదుషా చివరి రోజుల్లో అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు తెచ్చి సమర్పించాడు. వైద్యులెవరూ పరీక్షించి రాయని వస్తువని ఆస్థాన హకీం అభ్యంతరం చెప్పాడు. గమ్, ప్యాచ్‌ల విషయంలోనూ మనం అడగవలసింది ఇదే.

1996లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 584 మంది గుండె రోగులను రెండు జట్లు చేసి, 10 వారాల పాటు ఒక జట్టుకు నికోటిన్ ప్యాచ్, మరో జట్టుకు మందులేని ప్యాచ్ ఇచ్చారు. మరణం, గుండెపోటు, గుండె జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరడం వంటివి నికోటిన్ జట్టులో 5.4 శాతం, రెండో జట్టులో 7.9 శాతం. అంటే ప్యాచ్ వల్ల ప్రమాదం పెరగలేదు. 2018లో వెలువడిన, 8 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలోనూ ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఈ చికిత్సను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఎవరు జాగ్రత్తపడాలి?

గుండెపోటు వచ్చి రెండు వారాలు దాటనివారు, ఛాతీ నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నవారు, గుండె లయ బాగా తప్పినవారు, గర్భిణులు డాక్టరు చెప్పనిదే వాడరాదు. కొందరికి కాస్త గుండెదడ రావచ్చు, అప్పుడు మోతాదు గురించి అడగండి.

వాడే పద్ధతి

• గమ్‌ను పాన్ నమిలినట్టు నమలకూడదు. నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే చెంపకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఊట మింగితే ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి.
• గమ్ వేసుకునే ముందు 15 నిమిషాలు చాయ్, కాఫీ తాగకండి.
• ప్యాచ్‌ను రోజూ కొత్తచోట అంటించాలి.
• సుమారు మూడు నెలల్లో క్రమంగా తగ్గించి ఆపాలి.
• ఛాతీ నొప్పి వస్తే గమ్ వల్లనే అనుకుని ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రోజా ఉన్నప్పుడు గమ్ నమలకూడదు, ఇఫ్తార్ తరువాతే. ప్యాచ్ సంగతి మీ ఆలిమ్‌గారిని అడగండి. రంజాన్‌లో పగలంతా పొగ లేకుండా ఉండగలిగినవారు ఇఫ్తార్ తరువాత కూడా ఉండగలరు, ఆ సమయానికే గమ్ తోడుంచుకోండి.

ఖమీరా గావ్‌జబాన్ తింటున్నాం కదా, బీడీ కాల్చినా ఫరవాలేదనేవారికి ఒక మాట. ఏ ఖమీరా కూడా పొగకు విరుగుడు కాదు. డాక్టరు రాసిన గుండె మాత్రలను దాని కోసం ఆపకండి.

గుండెపోటు తరువాత పొగ మానినవారిలో మరణ ప్రమాదం సుమారు మూడో వంతు తగ్గుతుంది. మానడానికి సలహా కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంట్లో పెద్దవారు బీరువాలో దాచిన గమ్ పెట్టె ఉంటే, దాన్ని ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వాడకం అడగండి. అల్లాహ్ మీ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక.